గడ్డకట్టే మొటిమలకు సూర్యారావుపేటలో అందిన వైద్యం

విజయవాడలో చర్మ వైద్యులకు కొరత లేదు. సూర్యారావుపేటలో ఏ వీధిలోకి వెళ్లినా రెండు మూడు బోర్డులు కనబడతాయి. వాటిలో చాలావరకు జుట్టు, లేజర్, మెరుపు అనే మాటలే పెద్దక్షరాలతో ఉంటాయి. మొటిమలు చర్మం లోపల గడ్డలుగా మారి, చీము పట్టి, మానిన తరువాత కూడా గుంటలు మిగిల్చే స్థితిలో ఉన్నప్పుడు వీటిలో ఎవరిని నమ్మాలో తేల్చుకోవడం కష్టం. ఇంటర్ చదువుతున్న మా అబ్బాయికీ, మా ఆడపడుచు కూతురికీ ఆ పేటలోని ఒక క్లినిక్‌లోనే చికిత్స జరిగింది. పిల్లల ఆరోగ్య వివరాలు ఉన్నందువల్ల క్లినిక్ పేరు గానీ, డాక్టరు గారి పేరు గానీ ఇక్కడ రాయడం లేదు.

ఆ క్లినిక్‌లో నాకు అన్నిటికంటే నచ్చినది, మందు రాసే ముందు జబ్బును వివరించడం. "ఇప్పటిదాకా మొహానికి ఏమేం రాశావు బాబూ?" అన్నది డాక్టరు గారు అడిగిన మొదటి ప్రశ్న. హాస్టల్లో స్నేహితులు చెప్పిన ఒక ట్యూబును వాడు బయటికి తీయగానే, వెనుక ఉన్న చిన్న అక్షరాలను మాకు చూపించి, అందులో స్టెరాయిడ్ ఉన్నదని, అది కొన్నాళ్లు ముఖాన్ని తెల్లగా, నునుపుగా చూపించి ఆ తరువాత మొటిమలను మరింత పెంచుతుందని చెప్పారు. ఇటువంటి క్రీములను చీటీ లేకుండా అమ్మకూడదని 2018లోనే కేంద్ర ప్రభుత్వం నిబంధన తెచ్చినా, మందుల షాపుల్లో అడిగిన వెంటనే చేతిలో పెడుతున్నారు. చదువుకునే పిల్లల ముఖాలతో జరుగుతున్న ఈ వ్యాపారం నాకు చాలా బాధ కలిగిస్తుంది.

సిస్టిక్ యాక్నే, అంటే ఈ గడ్డకట్టే మొటిమల జబ్బు, ముఖం సరిగా కడుక్కోకపోవడం వల్ల వచ్చేది కాదని ఆమె కాగితం మీద బొమ్మ గీసి చూపించారు. యుక్తవయసు హార్మోన్ల ప్రభావంతో తైలగ్రంథులు ఎక్కువ నూనెను విడుదల చేస్తాయి, రోమకూపం మూసుకుపోతుంది, అక్కడ క్రిములు పెరుగుతాయి, చివరికి ఆ కూపం గోడ లోపలే పగిలి, అందులోని పదార్థమంతా చుట్టూ ఉన్న చర్మంలోకి పాకడంతో వాపు, నొప్పి, గడ్డ ఏర్పడతాయి. గిల్లినా నొక్కినా ఆ చీము ఇంకా లోతుకు వెళ్లి మచ్చ ఖాయమవుతుంది. గుంటూరు కారం మానేస్తే తగ్గుతుందని మా ఇంట్లో పెద్దవాళ్లు గట్టిగా నమ్ముతారు. కారానికీ మొటిమలకూ సంబంధం ఉందనడానికి గట్టి ఆధారం లేదని, తీపి పదార్థాలు, కూల్‌డ్రింకులు, జిమ్‌లో తాగే వే ప్రోటీన్ పొడి మాత్రం తగ్గించాలని ఆమె స్పష్టంగా చెప్పారు.

తరువాత వాడిని బరువు తూచారు. తీవ్రమైన మొటిమలకు ఇచ్చే ఐసోట్రెటినాయిన్ మాత్రల మోతాదు శరీర బరువును బట్టి ఉంటుంది. కిలోకు 120 నుంచి 150 మిల్లీగ్రాముల వరకు మొత్తం మందు ఒంటికి అందేలా చికిత్స సాగితే జబ్బు తిరగబెట్టే అవకాశం తగ్గుతుంది. అంటే 60 కిలోల మనిషికి 7200 నుంచి 9000 మిల్లీగ్రాములు కావాలి. రోజుకు 40 మిల్లీగ్రాముల చొప్పున వేసుకుంటే ఆరు నెలల నుంచి ఏడున్నర నెలలు పడుతుంది. ఈ లెక్క చీటీ మీదే వేసి ఇచ్చారు. అందువల్ల మధ్యలో ముఖం బాగుపడినా వాడు మాత్రలు ఆపలేదు. కాలేయం, కొవ్వు పరీక్షలు ముందే చేయించి, మందు మొదలైన తరువాత మళ్లీ చేయించారు. మాత్రను ఖాళీ కడుపుతో వేసుకోకూడదని, నెయ్యి వేసుకున్న అన్నమో, పెరుగన్నమో తిన్న వెంటనే వేసుకుంటే ఒంటికి బాగా పడుతుందని చెప్పారు.

మొదటి వారాల్లో మొటిమలు కొంత పెరుగుతాయని ముందే హెచ్చరించి, తక్కువ మోతాదుతో ప్రారంభించారు. అలాగే పెరిగాయి కూడా. దవడ మీద బాగా నొప్పి పెట్టిన గడ్డలోకి పలచన చేసిన స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇవ్వగా, రెండు మూడు రోజుల్లో అది అణిగింది. క్రీములో వద్దన్నది సూదిలో ఎందుకని నేను అడిగితే, ఒక్క గడ్డలో ఒక్క చుక్క వేయడం వేరు, నెలల తరబడి ముఖమంతా పులమడం వేరు అని ఓపికగా చెప్పారు. పెదవులు మాత్రం విపరీతంగా ఎండిపోయాయి. ఆవకాయ ముద్ద నోట్లో పెట్టుకుంటే పగిలిన మూలలు మండి వాడి కళ్లలో నీళ్లు తిరిగేవి. జేబులో వాజలిన్ డబ్బా, ఎండలోకి వెళ్లేటప్పుడు సన్‌స్క్రీన్ తప్పనిసరి అయ్యాయి. నిద్రలోగానీ, మనసులోగానీ మార్పు కనిపిస్తే వెంటనే చెప్పమని నన్ను పక్కకు పిలిచి మరీ చెప్పారు.

మా ఆడపడుచు కూతురి విషయంలో దారి వేరుగా నడిచింది. గడ్డం మీదే గడ్డలు రావడం, నెలసరి క్రమం తప్పడం గమనించి, స్కానింగ్, హార్మోన్ పరీక్షలు చేయించి, పీసీఓడీ (హార్మోన్ల తేడాతో వచ్చే అండాశయాల సమస్య) అని తేల్చి, గైనకాలజిస్టుతో మాట్లాడి హార్మోన్ మాత్రలతో మొదలుపెట్టారు. ఒకవేళ ఐసోట్రెటినాయిన్ వాడవలసి వస్తే, ఆ కాలంలో గర్భం వచ్చినట్లయితే బిడ్డకు తీవ్రమైన లోపాలు కలుగుతాయి కాబట్టి, ఆపిన తరువాత కూడా కనీసం ఒక నెల గర్భం రాకుండా చూసుకోవాలని పెళ్లి సంబంధాలు చూస్తున్న తల్లిదండ్రుల ఎదుటే నిర్మొహమాటంగా చెప్పారు. ఈ మాటను దాటవేసే వైద్యులు ఉంటారు, ఆమె దాటవేయలేదు.

లోపాలు లేకపోలేదు. టోకెన్ సమయానికి వెళ్లినా చాలాసేపు కూర్చోవలసి వస్తుంది. అంతకంటే ముఖ్యంగా, కౌంటర్ దగ్గరి సహాయకురాలు పేరుతో పాటు సమస్యను కూడా అందరికీ వినబడేలా పిలుస్తారు. మాస్కు తీయడానికే సిగ్గుపడే పిల్లలకు అది ఎంత కష్టమో యాజమాన్యం ఆలోచించాలి. లోపలి గదికి తెర మాత్రమే ఉంది, తలుపు లేదు. ఫీజు ఆ వీధిలోని మిగతా చోట్ల ఉన్నట్లే ఉంది. కంపెనీ పేరు కాకుండా మందు అసలు పేరు రాసి ఇస్తారు కనుక ఎక్కడైనా కొనుక్కోవచ్చు.

మా అబ్బాయికి ఇప్పుడు కొత్త గడ్డలు రావడం లేదు. ఎర్రటి మరకలు నెమ్మదిగా వెలిసిపోతున్నాయి, బుగ్గల మీది గుంటలు మాత్రం వాటంతట అవి పోవు. వాటికి సబ్సిషన్ (గుంటను కిందికి లాగే పోగులను సూదితో తెంచడం), మైక్రోనీడ్లింగ్ (సన్నటి సూదులతో చర్మాన్ని గుచ్చడం) వంటి చికిత్సలు ఉన్నాయని చెప్పినా, వాపు పూర్తిగా చల్లారేవరకు ప్యాకేజీ గురించి మాట్లాడబోమన్నారు. ఏ చర్మ వైద్యుల దగ్గరికి వెళ్లేవారైనా పాత చీటీలను, వాడిన క్రీముల ట్యూబులను పారవేయకుండా వెంట తీసుకువెళ్లండి.