పైథాన్ సాకెట్_హెల్పర్: ఐపీవీ6 ఉందో లేదో టెస్టుకు ముందే తేల్చే మాడ్యూల్

ఐపీవీ6 (ఇంటర్నెట్ చిరునామాల కొత్త పద్ధతి) టెస్టులు నడపాలా, స్కిప్ చేయాలా అన్నది తేల్చడానికి చాలామంది పైథాన్‌లో నెట్‌వర్క్ కనెక్షన్లు చూసుకునే సాకెట్ మాడ్యూల్‌లోని హ్యాజ్_ఐపీవీ6 వాడతారు. దాన్ని నమ్ముకోవద్దు. పైథాన్‌ను కంపైల్ చేసినప్పుడే ఖరారైన విలువ అది. మెషీన్‌లో ఐపీవీ6 ఆపేసి ఉన్నా ట్రూ అనే అంటుంది.

పైథాన్ సొంత టెస్టుల కోసం రాసుకున్న టెస్ట్.సపోర్ట్.సాకెట్_హెల్పర్ ఈ పని సరిగ్గా చేస్తుంది. ఏఎఫ్_ఐనెట్6 (అంటే ఐపీవీ6) సాకెట్ తెరిచి, ::1 (ఐపీవీ6లో మెషీన్ తనను తాను పిలుచుకునే చిరునామా) మీద పోర్ట్ 0కు (ఖాళీగా ఉన్న ఏదో ఒక పోర్ట్‌కు) బైండ్ చేసి, అంటే ఆ చిరునామాకు కట్టి, చూస్తుంది. కుదిరితే ఐపీవీ6_ఎనేబుల్డ్ ట్రూ, ఓఎస్ఎర్రర్ వస్తే ఫాల్స్. బైండ్ దాకా వెళ్లడంలోనే కిటుకంతా ఉంది. లినక్స్‌లో డిసేబుల్_ఐపీవీ6 సెట్టింగ్‌ను 1 చేస్తే సాకెట్ నిక్షేపంగా తెరుచుకుంటుంది, బైండ్ దగ్గర ఎర్రర్ 99 వస్తుంది. కెర్నల్‌నే ఐపీవీ6.డిసేబుల్=1తో బూట్ చేస్తే సాకెట్ తెరవడంలోనే ఎర్రర్ 97. రెండూ దీనికి దొరికిపోతాయి.

అయినా మీ ప్రాజెక్టులోకి నేరుగా ఇంపోర్ట్ చేసుకోవద్దు. ఇది పైథాన్ అంతర్గత వాడకానికే అని డాక్యుమెంటేషన్ చెబుతోంది. పైగా డాకర్ హబ్‌లోని అధికారిక పైథాన్ ఇమేజ్‌లు (కంటైనర్‌గా నడిపే రెడీమేడ్ ప్యాకేజీలు) సైజు తగ్గించడానికి టెస్ట్ ఫోల్డర్‌ను తీసేస్తాయి, కాబట్టి అక్కడ మాడ్యూల్‌నాట్‌ఫౌండ్ఎర్రర్ తప్పదు. ఆ పది పన్నెండు లైన్ల ఫంక్షన్‌ను మీ కాన్ఫ్‌టెస్ట్ ఫైల్‌లో (టెస్టులు నడిపే పైటెస్ట్ టూల్ తానే చదివే ఉమ్మడి ఫైల్) రాసుకుంటే సరిపోతుంది. దాన్ని సెషన్ ఫిక్స్చర్‌గా, అంటే ఒక్కో టెస్ట్ రన్‌కు ఒకేసారి నడిచే సన్నాహక ఫంక్షన్‌గా, పెట్టండి. ఒరిజినల్‌లో ఈ పరీక్ష మాడ్యూల్ ఇంపోర్ట్ అయ్యేటప్పుడే జరిగిపోతుంది. మీ సెటప్ ఆ తర్వాత నెట్‌వర్క్‌ను మారిస్తే పాత జవాబే మిగులుతుంది.

ఇది చూసేది లూప్‌బ్యాక్ (మెషీన్ తనతో తాను మాట్లాడుకునే దారి) ఒక్కటే. ::1 పలికినంత మాత్రాన బయటికి దారి ఉన్నట్టు కాదు. బయటి సర్వర్లతో మాట్లాడే టెస్టులకు ఇంకో తనిఖీ కావాలి: యూడీపీ సాకెట్‌తో గూగుల్ పబ్లిక్ డీఎన్ఎస్ చిరునామా 2001:4860:4860::8888 పోర్ట్ 53కు కనెక్ట్ చేయండి. ప్యాకెట్ ఏదీ వెళ్లదు, రూట్ లేకపోతే వెంటనే ఎర్రర్ 101 వస్తుంది. రూట్ ఉన్నా మధ్యలో ఫైర్‌వాల్ ఆపుతోందేమో దీనికి తెలియదు.

అన్నిటికన్నా నన్ను కలవరపెట్టేది నిశ్శబ్దంగా జరిగే స్కిప్. సీఐ రన్నర్‌లో (కోడ్ మారినప్పుడల్లా టెస్టులు తానే నడిపే మెషీన్‌లో) ఎవరో ఐపీవీ6 ఆపేస్తే ఆ టెస్టులన్నీ తప్పుకుంటాయి, బిల్డ్ మాత్రం పచ్చగానే ఉంటుంది. ఐపీవీ6 ఉండి తీరాల్సిన రన్నర్‌లో ఒక ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ పెట్టి, అది ఉన్నప్పుడు తనిఖీ ఫాల్స్ అయితే స్కిప్ బదులు ఫెయిల్ చేయించండి. మిగతా రన్నర్లలో పైటెస్ట్‌ను -ఆర్ఎస్ ఆప్షన్‌తో నడిపితే స్కిప్ కారణాలు లాగ్‌లో కనిపిస్తాయి.