నీటి పరీక్షా, గ్యాస్ పరీక్షా? రబ్బరు సీళ్లకు ఏది సరైనది

సీఎన్‌జీ వాహనాల సిలిండర్లను 200 బార్ వరకు, అంటే మామూలు గాలి పీడనానికి దాదాపు 200 రెట్లు, నింపుతారు. అంత ఒత్తిడిని ఆపాల్సిన వాల్వుల్లో ఓ-రింగులను (లీకు ఆపే గుండ్రటి రబ్బరు సీళ్లను) దేనితో పరీక్షించాలి?

ఖర్చు: నీటికి ఒత్తిడి ఎక్కించే చేతిపంపు, గేజీ చాలు. గ్యాస్‌కు నైట్రోజన్ సిలిండర్లు, బూస్టర్ (గ్యాస్ ఒత్తిడి పెంచే పంపు), రక్షణ గది కావాలి.

శ్రమ: నీటి పరీక్ష తర్వాత భాగాలను పూర్తిగా ఆరబెట్టాలి. గ్యాస్‌కు ఆ బాధ లేదు.

ప్రమాదం: నీరు దాదాపు కుదించుకోదు. ఏదైనా పగిలినా ఒత్తిడి వెంటనే పడిపోతుంది. కుదించిన గ్యాస్ అలా కాదు, పగిలితే ముక్కలు ఎగిరిపడతాయి. ఇక్కడ రాజీ పడొద్దు.

నమ్మకం: అసలు తేడా ఇదే. నీటిని ఆపిన సీలు గ్యాస్‌ను ఆపుతుందని హామీ లేదు. పైగా ఎక్కువ పీడనంలో గ్యాస్ రబ్బరులోకి ఇంకుతుంది. ఒత్తిడిని ఒక్కసారిగా వదిలితే అది లోపలే ఉబ్బి రబ్బరును చీలుస్తుంది. కార్బన్ డయాక్సైడ్‌తో ఈ బెడద మరీ ఎక్కువ. పైకి నున్నగా ఉన్న రింగులోనూ, అడ్డంగా కోసి చూస్తే పగుళ్లు కనిపించవచ్చు. ఐఎస్ఓ 23936-2 అనే అంతర్జాతీయ ప్రమాణం ఈ పగుళ్లకు 0 నుంచి 5 వరకు రేటింగు ఇస్తుంది. 0 అంటే పగుళ్లు లేనట్టు. నీటి పరీక్ష ఈ లోపాన్ని పట్టలేదు.

వాల్వు బాడీ బలం చూడాలంటే నీరు. కొత్త రబ్బరు రకాన్ని ఎంచుకోవాలన్నా, ఒత్తిడి తరచూ ఎక్కిదిగే కంప్రెసర్లకైనా గ్యాస్ పరీక్షే, అదీ అనుభవమున్న ల్యాబులో. సర్వీసులో రింగు మార్చినప్పుడు మాత్రం తక్కువ పీడనంలో నైట్రోజన్, సబ్బు నురగతో లీకు చూసి, తర్వాత దశలవారీగా పెంచండి.