నగిషీ అచ్చుల కోసం న్యూరెంబర్గ్, ఆంట్‌వెర్ప్

నగలు, లోహపు పని, చెక్కడం అంటే ప్రాణం పెట్టేవాళ్లు యూరప్ వెళ్తే జర్మనీలోని న్యూరెంబర్గ్‌కి తప్పకుండా రెండు రోజులు కేటాయించండి. కంసాలులకూ వడ్రంగులకూ పనికొచ్చే డిజైన్లను 16వ శతాబ్దంలో రాగి రేకుల మీద చెక్కి, కాగితాల మీద అచ్చేసి అమ్మిన ఊళ్లలో ఇది ముఖ్యమైనది. ఈ ఊరి ప్రసిద్ధ చిత్రకారుడు, చెక్కడం పనివాడు ఆల్బ్రెక్ట్ డ్యూరర్ తండ్రి కూడా కంసాలే. 1509 నుంచి డ్యూరర్ ఉన్న ఇల్లు కోట పక్కనే ఉంది. అక్కడ పాతకాలపు పద్ధతిలో అచ్చు ఎలా తీసేవారో చేసి చూపిస్తారు, అది చూశాకే మిగతావి చూడండి.

అసలు నిధి మాత్రం జర్మానిషెస్ నేషనల్ మ్యూజియంలో ఉంది. వెండి, బంగారు పాత్రలు గ్యాలరీల్లోనే కనిపిస్తాయి. కాగితం వెలుతురుకి పాడవుతుంది కాబట్టి అచ్చులను ఎక్కువగా లోపలే ఉంచుతారు. ముందే ఈమెయిల్ రాసి, ఏవి కావాలో చెప్పి అనుమతి తీసుకోండి.

16వ శతాబ్దపు జర్మన్ చెక్కడం పనివాడు ఆల్డెగ్రేవర్ వేసిన బాకు ఒర డిజైన్లను మాత్రం తీరిగ్గా చూడాలి. పైన మనుషుల బొమ్మలు, కింద మొనదాకా సన్నబడుతూ దిగే ఆకుల తీగ. వెనక దగ్గరదగ్గరగా గీతలు గీసి నల్లబరచడంతో ఆకులు పైకి ఉబ్బినట్టు కనిపిస్తాయి. ఇలాంటి కాగితాలకు గీతల వెంట సూదితో చిల్లులు పొడిచి, బొగ్గుపొడి అద్ది, డిజైన్‌ని పని వస్తువు మీదకి దించుకునేవారు. మన మగ్గం వర్కు వాళ్లు ట్రేసింగ్ పేపర్‌తో చేసేదీ ఇదే. అలా వాడివాడి చిరిగిపోయినవే ఎక్కువ, అందుకే మిగిలిన ప్రతి కాగితమూ నాకు అపురూపమే.

స్టేషన్ దగ్గర గదులు సౌకర్యం. బొమ్మల ట్రేడ్ ఫెయిర్, క్రిస్మస్ మార్కెట్ రోజుల్లో మాత్రం అద్దెలు మండిపోతాయి. మేం దిగిన చోట లిఫ్ట్ లేదు, పెట్టెలు మోయడానికి సాయమూ దొరకలేదు. పెద్దవాళ్లతో వెళ్తే బుక్ చేసేముందే అడగండి.

బెల్జియంలోని ఆంట్‌వెర్ప్‌లో, ఒకప్పటి అచ్చుకూటమైన ప్లాంటిన్-మోరెటస్ మ్యూజియం చూసి తీరాలి. ప్రపంచంలో మిగిలిన అతిపాత ముద్రణ యంత్రాలు రెండు అక్కడే ఉన్నాయి, సుమారు 1600 నాటివి. కోర్నెలిస్ ఫ్లోరిస్, వ్రెడెమాన్ డి వ్రీస్ గీసిన, తోలుపట్టీలు చుట్టలు తిరిగినట్టుండే నగిషీలు ఈ ఊళ్లోనే అచ్చయి యూరప్ అంతా పాకాయి. వజ్రాల వ్యాపారం చేసే గుజరాతీ జైనులు ఉండడంతో శాకాహారానికీ ఇబ్బంది లేదు. అయినా ప్లాంటిన్-మోరెటస్ మ్యూజియంలో నగిషీల కన్నా పుస్తకానిదే పైచేయి. అచ్చునూ దాని నుంచి పుట్టిన పనినీ ఒకే ఊళ్లో పోల్చి చూడాలనుకునే పనివాళ్లకు నా ఓటు న్యూరెంబర్గ్‌కే.