మెదడు దెబ్బతిన్నాక ఎక్కడ ఉంటే మేలు: కుటుంబంతోనా, నలుగురితో కలిసా, సొంత ఫ్లాట్‌లోనా?

తలకు దెబ్బ తగిలినా, స్ట్రోక్ వచ్చినా, మెదడువాపు సోకినా, గుండె ఆగి మెదడుకు కాసేపు ఆక్సిజన్ అందకపోయినా, ఆసుపత్రి నుంచి పంపించే రోజు దగ్గరపడేసరికి ఇంట్లోవాళ్లకు ఒకటే టెన్షన్: ఇక ఈ మనిషి ఎక్కడ ఉండాలి? నడవగలడా, మెట్లెక్కగలడా అని చూసి చాలామంది తేల్చేస్తారు. అది సగం లెక్కే. పనిని తనంతట తాను మొదలుపెట్టగలడా, మధ్యలో ఆగిపోతే అందుకునేవాళ్లు ఎవరు అన్నది అంతకంటే ముఖ్యం.

మంచం అంచున కూర్చుని, ఒక కాలికి సాక్సు వేసుకుని, రెండోది చేతిలో పట్టుకుని అరగంట అలాగే ఉండిపోయే మనిషిని చూడండి. చేతులు బాగానే పనిచేస్తాయి. సాక్సు ఎలా వేసుకోవాలో కూడా తెలుసు. కానీ ‘ఇక తర్వాతిది కానివ్వు’ అని లోపలినుంచి పురమాయించే శక్తి దెబ్బతింది. మెదడు ముందుభాగమైన ఫ్రంటల్ లోబ్‌కు గాయమైతే ఇలా అవుతుంది, దీన్ని బద్ధకం అనుకోవద్దు. అదే మనిషి డాక్టరు ఎదుట కూర్చుంటే అడిగినవాటన్నిటికీ చక్కగా జవాబు చెప్పొచ్చు. స్టవ్ ఆర్పకుండా బయటికి వెళ్తే ఏమవుతుందో వివరంగా చెప్తాడు, ఇంటికొచ్చి అదే పని చేస్తాడు. అందుకే గంటసేపు మాట్లాడి ‘ఒంటరిగా ఉండగలడు’ అని రాసిచ్చే రిపోర్టును నమ్మకండి. వంటగదిలో, రోడ్డు మీద, డబ్బు చేతికిచ్చి చూశాకే రాయమని పట్టుబట్టండి.

కుటుంబంతో ఉండటమే అందరికీ ముందు తోచేది. ఆ మనిషి అంతకుముందు ఎలా ఉండేవాడో, దేనికి నవ్వేవాడో తెలిసినవాళ్లు వాళ్లే. తొలి నెలల్లో ఆ తోడుకు సాటి లేదు. చిక్కల్లా తర్వాతే. రెండో సాక్సు తల్లి క్షణంలో తొడిగేస్తుంది, ప్రేమతోనే. రోజూ అలాగే జరిగితే పెద్దవాడు మళ్లీ చంటిబిడ్డ అయిపోతాడు. భార్య నర్సుగా మారిపోతుంది. మెదడు గాయంతో వచ్చే కోపమంతా బయటివాళ్ల మీద కంటే దగ్గరివాళ్ల మీదే విరుచుకుపడుతుంది. బయటినుంచి సహాయకులు వచ్చే గంటలు ఖాయమై ఉండి, అమ్మానాన్నల తర్వాత ఎవరు చూస్తారన్నది ఇప్పుడే తేలి ఉంటే తప్ప, దీన్ని శాశ్వత ఏర్పాటుగా నేను ఒప్పుకోను.

కొద్దిమంది కలిసి ఉండే ఇల్లు రెండోది. ఎవరి గది వాళ్లది, సిబ్బంది రాత్రింబగళ్లు ఉంటారు. తనకు సమస్య ఉందనే గ్రహింపు లేనివాళ్లకు, రాత్రిపూట లేచి బయటికి వెళ్లిపోయేవాళ్లకు, ఫిట్స్ అదుపులోకి రానివాళ్లకు ఇదే మేలు, సందేహం లేదు. మిగతావాళ్లకు మాత్రం హాల్లో మోగే టీవీ, పక్కగదిలో అరుపులే పెద్ద శిక్ష. దెబ్బతిన్న మెదడు త్వరగా అలసిపోతుంది, చప్పుడును తట్టుకోలేదు. పైగా ఎవరితో కలిసి ఉండాలో అడిగేవాళ్లే ఉండరు. ఎక్కడ, ఎవరితో ఉండాలో ఎంచుకునే హక్కు వికలాంగులకు ఉందని 2006 నాటి ఐక్యరాజ్యసమితి ఒడంబడిక 19వ అధికరణంలో స్పష్టంగా ఉంది. ఖాళీ దొరికిందని ముప్పై ఏళ్లవాణ్ని వృద్ధాశ్రమంలో చేర్చడం నా దృష్టిలో అసలు ఏర్పాటే కాదు.

సొంత ఫ్లాట్, అవసరమైన వేళకు సహాయకులు: ఇది మూడోది. తన తలుపు, తన తాళం. మతిమరుపుకు ఫోన్ అలారాలు నిజంగానే పనికొస్తాయి. 2001లో బ్రిటన్‌లో 143 మందితో చేసిన అధ్యయనంలో, గుర్తుచేసే పేజర్ ఇచ్చాక, చివరిదాకా కొనసాగినవాళ్లలో 80 శాతం మందికి పైగా రోజువారీ పనుల్లో మెరుగయ్యారు. కానీ అనుకోనిది ఎదురైతే అలారం ఏం చేస్తుంది? సాయంత్రం సహాయకురాలు వెళ్లిపోయాక ఒంటరితనం మొదలవుతుంది. స్నేహితులమంటూ చేరి డబ్బు లాగేవాళ్లకు అదే అదను.

ఈ మూడో పద్ధతిలోనే ఒక రకానికి నా ఓటు. ఒకే భవనంలో ఎవరి ఫ్లాట్ వాళ్లకు, కింద ఒక గదిలో ఎప్పుడూ సిబ్బంది. అక్కడి సహాయకురాలు సాక్సు తొడగదు, ‘ఇంకేం మిగిలింది?’ అని అడిగి ఆగుతుంది. రోజూ ఒకే వేళ, ఒకే వరసలో ఇది జరగాలి. 1848లో ఇనపకడ్డీ తలలోంచి దూసుకుపోయినా బతికిన ఫినియస్ గేజ్ తర్వాత చిలీ దేశంలో ఏళ్లపాటు గుర్రపు బండి తోలాడు. రోజూ ఒకే క్రమంలో సాగిన ఆ పనే అతన్ని మళ్లీ నిలబెట్టి ఉంటుందని కొందరు పరిశోధకుల అభిప్రాయం.

చూడటానికి వెళ్లినప్పుడు గోడల రంగు చూసి మురిసిపోకుండా, వారంలో ఎంతమంది వేర్వేరు సహాయకులు వస్తారో అడగండి. మనిషి మారినప్పుడల్లా క్రమం చెదురుతుంది. రాత్రి ఎనిమిది తర్వాత ఎవరుంటారో అడగండి. కొన్నాళ్లు ఉండి చూసే వీలుందా, అవసరం తగ్గితే సాయం గంటలు తగ్గిస్తారా అన్నది రాతపూర్వకంగా తీసుకోండి. ఇంటి అద్దె ఒప్పందం, సహాయం ఒప్పందం విడివిడిగా ఉండేలా చూడండి. సహాయకులు నచ్చక మార్చుకున్నంత మాత్రాన ఇల్లు ఖాళీ చేయాల్సిన పరిస్థితి రాకూడదు.