వీసా మీద ఎవరి పేరుంది? అమెరికా, జర్మనీ, కెనడా, ఆస్ట్రేలియా: ఏది మేలు?

తొమ్మిదేళ్లు అమెరికాలో డాలస్ దగ్గర ఉండి, 2023 చివర్లో ఇంటిల్లిపాదీ జర్మనీలోని లైప్‌జిగ్‌కు మారాం. అప్పటినుంచి నాకు వచ్చే ఫోన్లలో సగానికి సగం ఒకటే ప్రశ్న. అంత జీతం వదులుకుని ఎందుకు వెళ్లావు, ఇప్పుడు మేం బయల్దేరాలంటే ఎటు వెళ్తే మేలు అని. ఒక్కొక్కరికీ విడిగా చెప్పేకన్నా ఒకేసారి రాసేస్తే నయమనిపించింది. హెచ్-1బి అంటే అమెరికా ఉద్యోగ వీసా, పీఆర్ అంటే శాశ్వత నివాస హక్కు. అంతకుమించి వాటి వివరాలు చెప్పను, ఈ ఆలోచనలో ఉన్నవాళ్లకు అవి ఈపాటికే కంఠతా వచ్చి ఉంటాయి.

ముందు జీతం సంగతి తేల్చేద్దాం. సాఫ్ట్‌వేర్ పనికి అమెరికా ఇచ్చినంత జర్మనీ ఇవ్వదు, కెనడా ఇవ్వదు, ఆస్ట్రేలియా కూడా ఇవ్వదు. పైగా జర్మనీలో పన్ను, పింఛను, ఆరోగ్య బీమా అన్నీ పోను పెళ్లికాని ఉద్యోగికి జీతంలో మూడో వంతుకు పైగా చేతికే రాదు. పదేళ్లు కష్టపడి డబ్బు కూడబెట్టుకుని వెనక్కి వెళ్లిపోదాం అనుకునేవాళ్లకు అమెరికాను మించింది లేదు. మేం అక్కడ వెనకేసుకున్నది లేకపోతే ఇక్కడికి మారే ధైర్యం కూడా వచ్చేది కాదు. ఇక నేను రాసేదంతా ఒకచోట కాపురం నిలబెట్టుకోవాలనుకునేవాళ్ల కోసం.

నా మనసు మారింది 2022 చివర్లో. ఒక మంగళవారం పొద్దున మా టీమ్‌లో నలుగురి లాప్‌టాప్‌లు ఒకేసారి లాక్ అయిపోయాయి. పది నిమిషాల తర్వాత మాకు మెయిల్ వచ్చింది, వాళ్లు ఇక మనతో లేరని. ఆ నలుగురిలో ఇద్దరు అక్కడి పౌరులు, వాళ్లకు పోయింది ఉద్యోగం ఒక్కటే. హెచ్-1బి మీద ఉన్న మిగతా ఇద్దరికి ఉద్యోగంతో పాటు ఆ దేశంలో ఉండే హక్కు కూడా పోయింది. గడువు 60 రోజులు. అందులో ఒకాయనకు ఇంటి లోను ఉంది, పిల్లలిద్దరూ విద్యా సంవత్సరం మధ్యలో ఉన్నారు. ఆ రాత్రి ఆయన మా ఇంటికి వచ్చి వంటగది బల్ల దగ్గర కూర్చుని క్యాలెండర్‌లో రోజులు లెక్కపెట్టాడు. క్రిస్మస్ సెలవుల్లో ఇంటర్వ్యూలు ఎవరూ పెట్టరు కాబట్టి అవి తీసేస్తే 60 రోజులు 40 అయ్యాయి. ఆయన వెళ్లిపోయాక నా పాస్‌పోర్టు తీసి చూసుకున్నాను. వీసా స్టాంపు మీద నా పేరు, ఫొటో ఉన్నాయి, కింద సన్నని అక్షరాల్లో నా కంపెనీ పేరు ఉంది. ఎనిమిదేళ్లుగా ఆ పేజీ చూస్తూనే ఉన్నా, ఆ లైను మాత్రం ఆ రోజే సరిగా చదివాను.

అందుకే ఏ దేశం గురించి అడిగినా నేను ముందు చూసేది ఒక్కటే. మీ ఉద్యోగం రేపు పోతే మీరు ఎల్లుండి ఎక్కడుంటారు? ఆ కాగితం మీద కంపెనీ పేరు పోయి, మీ పేరు ఒక్కటే మిగలడానికి ఎన్నేళ్లు పడుతుంది?

అమెరికాలో దీనికి జవాబు చాలా కష్టమైనది. హెచ్-1బి దొరకడమే లాటరీ. ఏడాదికి 65,000, అక్కడ మాస్టర్స్ చేసినవాళ్లకు ఇంకో 20,000. 2025 సెప్టెంబరు నుంచి బయటి దేశంలో ఉన్నవాళ్ల కోసం కంపెనీ కొత్తగా దరఖాస్తు పెడితే లక్ష డాలర్ల రుసుం అన్నారు. సరే, లాటరీ తగిలిందే అనుకుందాం. అసలు వరస గ్రీన్‌కార్డు దగ్గర మొదలవుతుంది. ఉద్యోగాల కోటాలో ఏడాదికి ఇచ్చేవి సుమారు 1,40,000, అందులో భార్యాపిల్లలు కూడా లెక్కే, ఏ ఒక్క దేశంలో పుట్టినవాళ్లకైనా మామూలుగా 7 శాతం దాటకూడదు. ఫలితం ఏమిటంటే భారత్‌లో పుట్టినవాళ్ల ఇబి-2 (పైచదువులున్న ఉద్యోగుల కోటా) వరసలో 2025 మధ్యలో కూడా 2013 మొదట్లో పెట్టిన దరఖాస్తుల వంతే నడుస్తోంది. పన్నెండేళ్లు. కొత్తగా చేరేవాళ్లకు అది ఎన్నేళ్లో లెక్క తేలదు. ఐ-140, అంటే గ్రీన్‌కార్డు కోసం కంపెనీ పెట్టే అర్జీ, ఆమోదం పొందాక వీసా పొడిగించుకుంటూ పోవచ్చు కదా అంటారు, నిజమే, కానీ ఆ పొడిగింపు కూడా ఉద్యోగం ఉన్నంతవరకే. నన్ను అన్నిటికన్నా భయపెట్టింది మాత్రం పిల్లల విషయం. పాలుతాగే వయసులో తీసుకెళ్లిన పిల్ల అక్కడే చదివి అక్కడే పెరిగినా, 21 ఏళ్లు నిండేలోపు మన వంతు రాకపోతే తల్లిదండ్రుల వీసా నీడ తప్పిపోతుంది. తనకంటూ వేరే వీసా వెతుక్కోవాలి, లేదా తనకు తెలియని దేశానికి వెళ్లాలి.

జర్మనీలో నేను బ్లూ కార్డు మీద, అంటే చదువుకున్న విదేశీ ఉద్యోగులకిచ్చే నివాస పర్మిట్ మీద చేరాను. దానికి చదువుతో పాటు ఒక కనీస జీతం ఉండాలి, 2025లో అది ఏడాదికి 48,300 యూరోలు, కొరత ఉన్న వృత్తులకు ఇంకొంచెం తక్కువ. లాటరీ లేదు. ఏ దేశంలో పుట్టావని వరస లేదు. మొదటి 12 నెలల్లో కంపెనీ మారితే విదేశీయుల వీసాలు చూసే ప్రభుత్వ ఆఫీసుకు చెప్పాలి, తర్వాత ఆ బాధ కూడా లేదు. జర్మన్ భాషలో బి1 (మధ్యస్థ) స్థాయి పరీక్ష గట్టెక్కితే 21 నెలలకు, ఎ1 (మొదటి మెట్టు) మాత్రమే ఉంటే 27 నెలలకు శాశ్వత నివాసానికి అర్హత వస్తుంది. నేను 21 నెలలకే దరఖాస్తు పెట్టాను, 2025 చివర్లో కార్డు చేతికొచ్చింది. పాత బ్లూ కార్డు, కొత్త కార్డు పక్కపక్కన పెట్టుకుని చూశాను. కొత్త దాని మీద ఏ పని అయినా చేసుకోవచ్చని ఒక్క ముక్క ఉంది, ఏ కంపెనీ పేరూ లేదు. మా ఆవిడ ఆ కార్డును రెండుసార్లు తిప్పి చూసి ఏమీ అనకుండా పర్సులో పెట్టుకుంది. తొమ్మిదేళ్లలో అమెరికాలో రానిది ఇక్కడ రెండేళ్లలో వచ్చింది.

ఉద్యోగం పోయినా ఇక్కడ ఒడ్డున పడేసే ఏర్పాటు ఒకటుంది. కనీసం ఏడాది నిరుద్యోగ బీమా కట్టి ఉంటే ఆరు నెలలు, రెండేళ్లు కట్టి ఉంటే ఏడాది పాటు, పిల్లలున్నవాళ్లకు చేతికొచ్చే జీతంలో 67 శాతం వరకు నిరుద్యోగ భృతి వస్తుంది. జబ్బు చేస్తే ఆరు వారాలు పూర్తి జీతం కంపెనీయే ఇవ్వాలని చట్టం. సంపాదన లేని భార్య లేదా భర్త, పిల్లలు మన ప్రభుత్వ ఆరోగ్య బీమాలోకే అదనంగా ఏమీ కట్టకుండానే వస్తారు. అమెరికాలో ఉద్యోగం పోతే బీమా కూడా దాంతోపాటే పోయే పరిస్థితి చూశాక ఇది నాకు చిన్న విషయంగా అనిపించలేదు. పౌరసత్వానికి 2024 జూన్ నుంచి ఐదేళ్లు చాలు, అంతకుముందు ఎనిమిదేళ్లు ఉండేది. మూడేళ్ల దారి ఒకటి పెట్టి 2025లో తీసేశారు కాబట్టి దాని మీద ఆశ పెట్టుకుని రావద్దు. అన్నట్టు జర్మనీ రెండు పాస్‌పోర్టులకు ఒప్పుకుంటుంది గానీ భారత్ ఒప్పుకోదు, ఆ నిర్ణయం ఇంట్లో ముందే మాట్లాడుకోవాలి.

ఇప్పుడు మీరు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. కాగితం మీద మన పేరే ఉండాలంటే కెనడా, ఆస్ట్రేలియా ఇంకా మేలు కదా, విమానం ఎక్కకముందే పీఆర్ ఇస్తాయి కదా అని. అవును, ఆ ఒక్క విషయంలో అవే ముందు. కెనడా ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ అనే పీఆర్ పద్ధతి 2015 నుంచి వయసు, చదువు, ఇంగ్లిష్, అనుభవం లాంటివాటికి ఇచ్చే పాయింట్ల మీద నడుస్తోంది, ఆస్ట్రేలియా 189 అనే పీఆర్ వీసా కూడా అంతే, ఏ కంపెనీ దయా అక్కర్లేదు. మీకు 30 ఏళ్ల లోపుండి, ఇంగ్లిష్ పరీక్షలో మంచి మార్కులు తెచ్చుకోగలిగితే జర్మనీ కన్నా ముందు అక్కడే ప్రయత్నించండి అని నేనే చెప్తాను. నాకు కుదరనిది వయసు. కెనడాలో 30 దాటిన దగ్గర్నుంచి ఏటా పాయింట్లు తరుగుతూ 45కి సున్నా అవుతాయి. ఆస్ట్రేలియాలో 45 నిండితే దరఖాస్తు పెట్టమనే పిలుపే అసలు రాదు, 40 దాటితే వయసుకు 15 పాయింట్లే, కనీసం కావాల్సింది 65 అయినా పిలుపు వచ్చేది అంతకంటే చాలా ఎక్కువ ఉన్నవాళ్లకే. నేను బయల్దేరేనాటికి నాకు 41.

రెండింట్లో కెనడా మీద నాకు కొంచెం అనుమానం ఎక్కువ. విదేశీ విద్యార్థుల సంఖ్యకు 2024లో పరిమితి పెట్టారు, ఏడాదికి ఇచ్చే పీఆర్‌లు 2025కి 3,95,000కు తగ్గించారు, కెనడాలో పనిచేసిన అనుభవం లేనిదే మంచి ఉద్యోగానికి పిలవరని వెళ్లినవాళ్లందరూ చెప్పే మాట, టొరంటో, వాంకూవర్ ఇళ్ల ధరలు చూస్తే గుండె గుభేలుమంటుంది. ఆస్ట్రేలియాలో సిడ్నీ ఇళ్లు కూడా అంతే అనుకోండి, అయినా అక్కడ నాలుగు వారాల జీతంతో కూడిన సెలవు, మెడికేర్ అనే ప్రభుత్వ ఆరోగ్య బీమా, పీఆర్ వచ్చిన ఏడాది తర్వాత మొత్తం నివాసం నాలుగేళ్లు అయితే పౌరసత్వానికి అర్హత. కంపెనీ స్పాన్సర్ చేసిన వీసా మీద వెళ్లినా ఉద్యోగం పోతే 2024 జూలై నుంచి 180 రోజుల గడువు ఇస్తున్నారు. అమెరికా 60తో పోల్చి చూడండి, ఒక కుటుంబానికి ఆ తేడా ఎంతో తెలుస్తుంది.

ఊళ్లో బతుకు సంగతికి వస్తే, డాలస్ శివార్లలో మా ఇల్లు పెద్దది, పెరడు ఉండేది, కానీ పాల ప్యాకెట్టుకు కూడా కారు తీయాలి. మధ్యాహ్నం స్కూలు ముందు కార్ల వరసలో నలభై నిమిషాలు ఇంజన్ ఆన్ చేసుకుని కూర్చునేదాన్నని మా ఆవిడ ఇప్పటికీ అంటుంది. ఇక్కడ ఇల్లు దాంట్లో మూడో వంతు కూడా ఉండదు. కానీ పదేళ్ల మా పాప వీపున బ్యాగు వేసుకుని ఒక్కతే ట్రామ్ ఎక్కి స్కూలుకెళ్తుంది. మొదటి వారం నేను తనకు తెలియకుండా తర్వాతి పెట్టెలో ఎక్కి వెంట వెళ్లాను. మూడో రోజు చూసేసింది, స్టాపులో దిగి ఇంటికెళ్లిపొమ్మని చెయ్యి ఊపింది. పిల్లలు తమ కాళ్ల మీద తాము తిరగగలిగే ఊరు ఎలా ఉంటుందో నేను అంతకుముందు ఆలోచించనే లేదు. నెలకు 63 యూరోల టికెట్టుతో దేశమంతా లోకల్ రైళ్లు, బస్సులు, ట్రామ్‌లు తిరగొచ్చు, రెండేళ్లయినా మేం కారు కొనలేదు.

కష్టాలు దాచను. అద్దె ఇల్లు దొరకడానికి మాకు నాలుగు నెలలు పట్టింది. దొరికిన ఇంట్లో వంటగది అంటే నాలుగు గోడలు, గోడలోంచి పొడుచుకొచ్చిన నీళ్ల పైపు, అంతే. స్టవ్వు, సింకు, అరలు అన్నీ మనమే కొని బిగించుకోవాలి, ఖాళీ చేసేటప్పుడు పీక్కుని పోవాలి. ప్రతి పనీ పోస్టులో వచ్చే ఉత్తరాలతోనే. ఇక భాష. ఆఫీసులో ఇంగ్లిష్‌తో నడిచిపోతుంది, డాక్టరు దగ్గర, బడి మీటింగులో నడవదు. రెండేళ్లు రోజూ రాత్రి తొమ్మిది నుంచి పది వరకు నేను, మా ఆవిడ ఎదురెదురుగా కూర్చుని చదివాం. ఆ గంట పెట్టలేనివాళ్లు జర్మనీకి రావద్దని మొహమాటం లేకుండా చెప్తాను.

బ్రిటన్ గురించి ఎక్కువ చెప్పడానికి లేదు, ఉద్యోగ వీసాకు కావాల్సిన కనీస జీతం 2025లో 41,700 పౌండ్లకు పెంచారు, శాశ్వత నివాసానికి ఉన్న ఐదేళ్లను పదికి పెంచుతామని కూడా 2025లో అన్నారు, అది ఏమైందో చూసుకున్నాకే బయల్దేరడం మంచిది. గల్ఫ్‌లో జీతం మీద ఆదాయపు పన్ను లేదు, డబ్బు మిగులుతుంది, కానీ ఎన్నేళ్లున్నా మామూలు ఉద్యోగికి పౌరసత్వం మాట లేదు. సింగపూర్ శుభ్రంగా, భద్రంగా ఉంటుంది, పీఆర్ మాత్రం ఎవరికి ఎందుకు ఇస్తారో ముందే లెక్కవేసుకోలేం.

పిల్లల వయసు బట్టి నా జవాబు మారుతుంది, ఈమధ్య అడిగినవాళ్లందరికీ అదే చెప్తున్నాను. పదేళ్లలోపు పిల్లలైతే జర్మనీ. మా పాపకు ఎనిమిదేళ్లప్పుడు వచ్చాం కాబట్టి ఏడాదిలో భాష పట్టేసింది, ఇప్పుడు నా ఉత్తరాలు తనే సరిదిద్దుతుంది. పద్నాలుగు, పదిహేనేళ్ల పిల్లలుంటే తీసుకురాకండి. ఇక్కడ చాలా రాష్ట్రాల్లో నాలుగో తరగతి తర్వాతే పిల్లల్ని వేరువేరు రకాల బడులకు పంపేస్తారు, ఆ వయసులో కొత్త భాషలో లెక్కలు, చరిత్ర మళ్లీ మొదలుపెట్టడం వాళ్లకు పెద్ద శిక్ష. అలాంటివాళ్లు, మీ వయసు ఇంకా 40 దాటకపోతే, ఆస్ట్రేలియా పాయింట్లు ఈ వారమే లెక్కవేసుకోండి. పుట్టినరోజు దాటితే పోయిన పాయింట్లు తిరిగి రావు.