సోమశిల గాలం యాత్ర: డెక్కు మీద డీజే, నీళ్లలో బొచ్చె

మనిషికి 2,800 రూపాయలు. దాని మీద గాలం కర్రకు 500 చొప్పున ‘యాంగ్లింగ్ ఛార్జీ’. కృష్ణ ఒడ్డున ప్రశాంతంగా చేపలు పట్టుకోవచ్చని ఫోన్లో ఊరించి ఇంత వసూలు చేసిన టెంట్ల క్యాంపు, సాయంత్రం ఏడు కాగానే నీళ్ల మీది తేలే డెక్కు పైకి రెండు బాస్ బాక్సులు ఎక్కించింది. గాలం వేయడానికి వాళ్లు చూపించిన డెక్కు కూడా అదే. అడిగితే నిర్వాహకుడు, "అన్నా, వీకెండ్ అన్నంక పాటలు లేకుంటే ఎట్ల?" అని నవ్వేశాడు.

దారి బాగానే ఉంది. హైదరాబాద్ నుంచి నాగర్‌కర్నూల్ మీదుగా కొల్లాపూర్, అక్కడి నుంచి సోమశిల పది కిలోమీటర్ల లోపు. ఫిబ్రవరి నాటికి వరద బురద తేరి నీళ్లు తేటపడతాయి. గాలానికి అదే అదను.

పాటల మీద మాకేం పగ లేదు. నలుగురు గాలం పట్టుకు కూర్చుంటే ఇద్దరి చేతుల్లోనైనా రేడియో ఉంటుంది. ఘంటసాల పాటొస్తే కదలని మనిషి ఒకరు, ఇళయరాజా తప్ప వినని మనిషి ఇంకొకరు. గొడవల్లా స్పీకర్ ఎక్కడ పెట్టారన్న దగ్గరే. గాలిలో పుట్టిన శబ్దంలో దాదాపు అంతా నీటి పైభాగాన్ని తాకి వెనక్కి మళ్లుతుంది, సుమారు వెయ్యోవంతు మాత్రమే లోపలికి దిగుతుంది. అందుకే ఒడ్డున కూర్చుని మాట్లాడుకున్నా, చిన్న రేడియో పెట్టుకున్నా చేపకు పెద్దగా పట్టదు. డెక్కు కిందేమో ఖాళీ డ్రమ్ములు, అవి నీళ్లలోనే ఉంటాయి. బాక్సు దాని మీద పెడితే అదురు నేరుగా నీటిలోకి దిగుతుంది. నీళ్లలో శబ్దం సెకనుకు సుమారు 1,500 మీటర్లు పోతుంది, గాలిలో కంటే నాలుగు రెట్లకు పైనే. పైగా బొచ్చె, రవ్వ, మోసు, జెల్ల, వాలుగ, వీటన్నిటికీ గాలితిత్తి నుంచి లోపలి చెవి దాకా చిన్న ఎముకల గొలుసు ఉంటుంది. వెబర్ అనే జర్మన్ శాస్త్రవేత్త 1820లోనే దాన్ని వర్ణించాడు. తిత్తి అదిరితే చెవి అదురుతుంది. చేపల్లో చెవులు చురుకైనవాటిలో ఈ జాతులూ ఉన్నాయి. కొర్రమీనుకు ఆ గొలుసు లేదు. కానీ మన అడుగుల అదురు దానికీ తెలుస్తుంది, నీటి కదలికను పసిగట్టే పక్కగీత ఒంటి మీద ఉన్నది అందుకే.

రాత్రి పది దాటినా మోత ఆగలేదు. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా ఆరుబయట లౌడ్‌స్పీకర్ పెట్టకూడదు. ఆ మాట ఎత్తి, డయల్ 100కు ఫోన్ చేస్తామన్న తర్వాతే సౌండు తగ్గించారు, కట్టేయలేదు. మా ఇళయరాజా అభిమాని ముఖం మాడ్చుకుని కారులో పడుకున్నాడు.

మర్నాడు డెక్కు వదిలేసి స్థానిక పడవాయన్ను మాట్లాడుకున్నాం. సగం రోజుకు 1,200. పెట్టిన డబ్బుకు న్యాయం జరిగింది ఇక్కడే. ఎక్కడ గాలం వేయొచ్చో మత్స్యకారుల సంఘాన్ని ముందే అడగండి. వాళ్లు వల కట్టిన చోట వేస్తే తంగుసు, అంటే గాలం దారం, చిక్కుపడి ఇద్దరికీ నష్టం. నల్లమల వైపు అమ్రాబాద్ పులుల అభయారణ్యం హద్దులోకి గాలంతో పోవద్దు.

ఎర ముద్దకు పల్లి చెక్క కిలో, తవుడు అరకిలో, పుట్నాల పొడి పావుకిలో. నీళ్లు కొంచెం కొంచెంగా చల్లుతూ పిసకాలి. నిమ్మకాయంత ముద్దను ముందు బకెట్లో వేసి చూడండి, పది పదిహేను నిమిషాల్లో విడిపోవాలి. గట్టిగా ఉండిపోతే తవుడు, విసరగానే రాలిపోతే గుప్పెడు మైదా కలపండి. చాలామంది బస్తాడు మేత ఒక్కసారే గుమ్మరిస్తారు. కడుపు నిండిన చేప గాలం వైపు చూడదు. మొదట ఐదారు ముద్దలు, ఆ తర్వాత ఇరవై నిమిషాలకొకటి చాలు. బొచ్చె నోరు పైకి తిరిగి ఉంటుంది, మేత పైనీళ్లలోనే. కాబట్టి నీటిపై తేలే బెండు కింద నాలుగు నుంచి ఆరు అడుగుల లోతు పెట్టాలి. మోసు అడుగున తింటుంది, దానికి దారానికి కట్టిన సీసపు బరువు నేలకు తగలాలి. తంగుసు 0.35 మిల్లీమీటర్లది సరిపోతుంది. రీల్ డ్రాగ్‌ను, అంటే చేప లాగినప్పుడు దారం వదిలే బిగింపును, తంగుసు తెగే బరువులో మూడోవంతుకు బిగించండి. పూర్తిగా బిగిస్తే బొచ్చె మొదటి పరుగులోనే తెంపుకుపోతుంది.

సోమశిల దగ్గరి నీళ్లు శ్రీశైలం జలాశయానివే, అందులో ఊళ్లు మునిగాయి. పాత గోడలు, మోడులు ఇంకా అడుగునే ఉన్నాయి. సీసాన్ని అసలు తంగుసుకు కాకుండా, అంతకంటే సన్నటి ముక్కతో పక్కకు కట్టుకోండి. చిక్కుకుంటే సీసం ఒక్కటే పోతుంది, బెండూ గాలమూ మిగులుతాయి.

పడవలో కబుర్లు ఎటు మొదలైనా పూడిక దగ్గరికే వచ్చాయి. పూర్తి మట్టం 885 అడుగుల దగ్గర మొదట్లో 308 టీఎంసీలు పట్టిన జలాశయం ఇప్పుడు 215 టీఎంసీల చిల్లరకు పడిపోయింది. ఒండ్రు పేరుకున్న చోట రాళ్ల సందులు మూసుకుపోతాయి, వాలుగ దాక్కునే గుంతలు పోతాయి. నల్లమల యురేనియం సంగతి కూడా వచ్చింది. 2019 సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ తవ్వకాలు వద్దని తీర్మానం చేసింది కదా అని ఒకరంటే, తీర్మానం చేశారు సరే, కాగితం కృష్ణకు కాపలా కాస్తుందా అని ఇంకొకరు. ఆ వాదన తెగలేదు, బెండు మునగడంతో ఆగింది.

కృష్ణలో ఇంకో బెడద దెయ్యపు చేప. అక్వేరియం గాజు నాకడానికి అమ్మే సక్కర్ చేపే అది. ఒంటి నిండా గట్టి పలకలు, ముళ్లు, వలలు చీల్చేస్తుంది. గాలానికి పడితే తిరిగి నీళ్లలో వదలకండి. ఎర్రటి చేపపిల్లల గుంపు పైకి తేలుతూ కనిపిస్తే మాత్రం అక్కడ గాలం వేయకండి. కింద కొర్రమీను తల్లిదండ్రులు కాపలా ఉంటాయి, వాటిని పట్టేస్తే పిల్లలన్నీ పక్షుల పాలు. 2016లో తెలంగాణ రాష్ట్ర చేపగా ప్రకటించుకున్నదానికి ఆ మాత్రం మర్యాద ఇవ్వాలి.

తిండి సంగతికొస్తే, క్యాంపులో చేప ఫ్రై ప్లేటు 350, నాలుగు ముక్కలు, అవీ ఐసులో పెట్టిన చేపవి. నది పక్కన కూర్చుని ఐసు చేప తినడమేమిటో! పడవాయన ఇంట్లో అక్క వండిన బొచ్చె పులుసు, జొన్నరొట్టె మనిషికి 200. చింతపులుసు చిక్కగా, మెంతిపొడి ఘాటుగా, ముల్లు పట్టి లాగితే ముక్క విడిపోయేట్టు ఉంది. కారులో పడుకున్నాయన ముఖం అప్పటికి విప్పారింది, మూడో రొట్టె అడిగాడు.

మళ్లీ వెళ్తే బస కొల్లాపూర్‌లోనే చేసి తెల్లారేసరికి రేవుకు చేరడం మేలు. క్యాంపులోనే ఉంటామంటే డబ్బు కట్టకముందే మూడు అడగండి. స్పీకర్ ఎక్కడ పెడతారు, ఎన్నింటికి ఆపుతారు, గాలం ఛార్జీలో పడవ కలిసి ఉందా? జవాబు వాట్సాప్‌లో రాతపూర్వకంగా తీసుకోండి. మా 500లో పడవ లేదు, ఎర లేదు, నీళ్ల మీద వేసిన ఒక కుర్చీ ఉంది. ఆ డబ్బు తిరిగిమ్మంటే ‘నెక్స్ట్ టైం డిస్కౌంట్ ఇస్తం’ అన్నారు.