ఉపన్యాసమా, చీటీల డబ్బానా?

చెన్నైలో మన తెలుగు పిల్లలకు హెచ్‌ఐవీ గురించి చెప్పాలంటే డాక్టరును పిలిచి ఉపన్యాసం పెట్టించడం సులువే. దేశంలో తొలి కేసులు 1986లో ఈ ఊళ్లోనే, డాక్టర్ సునీతి సోలమన్, ఆమె విద్యార్థిని నిర్మల చేసిన పనివల్ల బయటపడ్డాయంటే చెవులు రిక్కిస్తారు. "సందేహాలున్నాయా?" అనగానే మాత్రం తలలు దించుకుంటారు.

పేరు రాయక్కర్లేని చీటీల డబ్బా పెట్టి చూడండి. "దోమ కుడితే వస్తుందా?", "ఒకే కంచంలో తింటే?" అన్నీ బయటికొస్తాయి. రెండింటితోనూ రాదు. రక్షణ లేని సెక్స్, ఒకరు వాడిన సూది, వైరస్ ఉన్న రక్తం, తల్లి నుంచి బిడ్డకు, ఇలా వస్తుంది. హెచ్‌ఐవీ అంటే వైరస్, ఎయిడ్స్ దాని ముదిరిన దశ. వైరస్‌ను అదుపులో ఉంచే ఏఆర్‌టీ మందులు మానకుండా వాడితే అంతదాకా పోనివ్వవు. వెకిలి చీటీలూ పడతాయి లెండి, పక్కన పెట్టేయడమే.

నా ఓటు డబ్బాకే. జవాబులు చెప్పడానికి మాత్రం డాక్టరో నర్సో ఉండాలి.